గాలి తగ్గిన తరువాతి వాన: బలహీనపడే తుఫానులు, తెలంగాణ ఎగువ నేలలో ఔత్సాహిక వాతావరణ పరిశీలన

వ్యాససంగ్రహం: తీరం దాటిన తుఫాను 'బలహీనపడింది' అన్న ప్రకటన వెలువడగానే ప్రజల దృష్టి దాని నుండి మళ్లుతుంది. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో భారీ వర్షం కురిసేది చాలా సందర్భాలలో ఆ ప్రకటన తరువాతనే. తుఫాను స్థాయిని నిర్ణయించే కొలమానం గాలి వేగం మాత్రమే కావడం ఇందుకు మూలం. 2020, 2021, 2025 సంవత్సరాల వ్యవస్థలను ఆధారంగా గ్రహించి, ఔత్సాహిక వాతావరణ పరిశీలకులు బలహీనపడుతున్న తుఫానును అనుసరించే తీరును, ఆ పద్ధతి బలాన్ని, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వాయుగుండం, గాలివాన, ఔత్సాహిక పరిశీలన, గొలుసుకట్టు చెరువులు, తిరుమలగిరి, మొంథా.

1. ప్రవేశిక

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ 'మొంథా' తీవ్ర తుఫాను నరసాపురం సమీపాన తీరం దాటింది. ఆ రాత్రి వార్తాప్రసారాలన్నీ కోనసీమ, కాకినాడ, మచిలీపట్నం తీరాలవైపే చూశాయి. తెల్లవారేసరికి వ్యవస్థ బలహీనపడిందని, ముప్పు తగ్గిందని చెప్పుకొన్నారు. తీరానికి సంబంధించినంతవరకు అది నిజమే. కాని 29వ తేదీ పగలు, రాత్రి ఆ బలహీనపడిన వ్యవస్థయే తెలంగాణ మీద నీటిని కుమ్మరించింది. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క రోజున 40 సెంటీమీటర్లు దాటిన వర్షం నమోదైంది. డోర్నకల్ రైల్వేస్టేషనులో పట్టాలు నీట మునిగాయి. దక్షిణాన డిండి జలాశయపు ప్రవాహానికి హైదరాబాదు–శ్రీశైలం రహదారి కోతకు గురై రాకపోకలు నిలిచిపోయాయి. దేవరకొండ ప్రాంతంలో ఒక గురుకుల పాఠశాలను వరద చుట్టుముట్టగా విద్యార్థులను సురక్షిత స్థలానికి తరలించవలసి వచ్చింది.

అధికారిక పట్టికలో స్థాయి దిగుతూ ఉన్న వేళ నేలమీద నష్టం పెరుగుతూ పోయింది. ఈ రెండింటి మధ్యనున్న ఖాళీలోనే ఔత్సాహిక పరిశీలకుల పని మొదలవుతుంది. వారిలో విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, రైతులు ఉన్నారు. ఉపగ్రహ చిత్రాలు, రాడార్ దృశ్యాలు, వర్షమాపక కేంద్రాల అంకెలు అందరికీ అందుబాటులోకి రావడంతో ఈ అభిరుచి గత పది, పదిహేనేండ్లలో తెలుగునాట ఒక పాటి ప్రజావ్యవహారంగా మారింది.

2. పేరులో నిలిచింది గాలి మాత్రమే

భారత వాతావరణ శాఖ ఉత్తర హిందూ మహాసముద్ర వ్యవస్థలను గరిష్ఠ స్థిర గాలి వేగాన్ని బట్టి వర్గీకరిస్తుంది. గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుండి 88 వరకు తుఫాను, 89 నుండి 117 వరకు తీవ్ర తుఫాను. ఈ మెట్లలో ఎక్కడా వర్షానికి చోటు లేదు. ఓడలకు, రేవులకు, తీరగ్రామాలకు గాలియే మొదటి శత్రువు కనుక ఈ కొలమానం వారి అవసరం నుండి పుట్టింది. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. తీరం కోసం తయారైన కొలబద్దను తీరానికి రెండు, మూడు వందల కిలోమీటర్ల దూరంలోని మెట్టనేల కూడా తన ముప్పుకు కొలతగా స్వీకరించడంలోనే చిక్కు ఉంది.

గాలి ఒత్తిడి దాని వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం నూరు నుండి యాభైకి పడిపోతే ఇంటి కప్పుపై పడే ఒత్తిడి సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. వర్షం అటువంటి లెక్కకు లొంగదు. ఒకచోట కురిసే మొత్తం వాన దాని తీవ్రతపైన, అది కురిసే కాలంపైన ఆధారపడుతుంది. గాలి సగమైనప్పుడు వ్యవస్థ నడక కూడా మందగిస్తే వాన మొత్తం తగ్గకపోగా పెరగవచ్చు.

ఇక్కడ తెలుగు మాటలను కొంత పరిశీలించడం అవసరం. వాడుకలో చిరకాలంగా ఉన్న 'గాలివాన' ద్వంద్వ సమాసం. గాలికీ వానకూ అందులో సమాన ప్రతిపత్తి ఉంది. 'వాయుగుండం' అన్న ఆధునిక పారిభాషిక పదంలో వాయువు మాత్రమే మిగిలింది. 'అల్పపీడనం' ఆంగ్ల పదానికి సాపు అనువాదం. అందులో గాలీ లేదు, వానా లేదు. 'తుఫాను' అరబ్బీ, పారసీకాల మీదుగా వచ్చింది. మూలభాషలో ఆ మాటకు జలప్రళయం అనే అర్థం ఉంది. తెలుగులోకి వచ్చిన తరువాత అది తీరపు పెనుగాలికి ఎక్కువగా అంటిపెట్టుకొన్నది. 1908 మూసీ వరదను హైదరాబాదు జనం 'తుగ్యానీ' అని గుర్తుపెట్టుకొన్నారు. అది పొంగిపొర్లడాన్ని చెప్పే మాట. ఎగువ నేల జ్ఞాపకం నీటి చుట్టూనే అల్లుకొని ఉన్నదనడానికి ఇది ఒక చిన్న సాక్ష్యం. 'బలహీనపడి' అన్న క్త్వార్థకం ప్రకటనలలో వాడివాడి అరిగిపోయింది. దేని బలం తగ్గినదో చెప్పకుండానే ఆ క్రియ వాక్యాన్ని ముగింపు వైపు నడిపిస్తుంది. ఔత్సాహికులలో నిపుణులైనవారు ఈ మాట దగ్గరే ఆగి 'గాలి తగ్గింది, వాన మిగిలింది' అని విడమరచి చెబుతారు. వారి రచనలో ఇది చిన్న మార్పుగా కనిపించినా, ప్రయోజనం రీత్యా ఇదే ప్రధానమైనది.

3. నేలమీదికి వచ్చిన తుఫానుకు ఏమవుతుంది?

సముద్రంపై తుఫానుకు ఇంధనం వెచ్చని నీటి నుండి లేచే ఆవిరి. తీరం దాటగానే ఆ సరఫరా తెగుతుంది. నేల గరుకుదనం గాలికి అడ్డుపడుతుంది. కేంద్రం చుట్టూ ఉన్న బిగువైన అమరిక సడలిపోతుంది. కాని నిట్టనిలువునా అనేక కిలోమీటర్ల ఎత్తు వరకు నిండిన తేమ ఒక్కసారిగా మాయం కాదు. పైగా సుడి అపసవ్య దిశలో తిరుగుతూనే ఉంటుంది. కేంద్రం తెలంగాణపై ఉన్నప్పుడు దాని తూర్పు పక్కన వీచే దక్షిణ, ఆగ్నేయ గాలులు బంగాళాఖాతపు తేమను లోనికి మోసుకొస్తూ ఉంటాయి. సుడి బిగువు సడలినకొద్దీ వాన కూడా కేంద్రం చుట్టూ ఉండడం మానేసి దూరంగా పట్టీలుగా విస్తరిస్తుంది. అటువంటి ఒక పట్టీ కదలక ఒకే తాలూకాపై గంటల తరబడి నిలిస్తే భీమదేవరపల్లి వంటి అంకె నమోదవుతుంది.

నేల తడి కూడా లెక్కలోనిదే. అంతకుముందు కురిసిన వానలతో నిండుగా నానిన నేల కొంతమేర ఆవిరిని తిరిగి అందిస్తుందని, అందువల్ల వ్యవస్థ క్షీణత నెమ్మదిస్తుందని పరిశోధకులు గుర్తించారు. 2007లో అమెరికాలోని ఓక్లహోమాపై 'ఎరిన్' తుఫాను అవశేషం నేలమీదనే తిరిగి బలం పుంజుకొన్న ఘటన ఈ చర్చకు ప్రసిద్ధ ఉదాహరణ. వానాకాలం చివర చెరువులు నిండి, వరిమడులు నీటితో ఉన్న తెలంగాణకు ఈ అంశం వర్తించే అవకాశాన్ని కొట్టివేయలేము.

'గులాబ్' నడక మరింత బోధపరుస్తుంది. అది 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం సమీపాన తీరం దాటి, బలహీనపడుతూ తెలంగాణ, మహారాష్ట్రల మీదుగా సాగి అరేబియా సముద్రంలో ప్రవేశించింది. అక్కడ 'షాహీన్' అనే కొత్త పేరుతో మళ్లీ తుఫానుగా మారి అక్టోబరు 3న ఒమన్ తీరాన్ని తాకింది. తెలంగాణపై ఉన్నప్పుడు అది పట్టికలో వాయుగుండం మాత్రమే.

4. 2020 అక్టోబరు: తుఫాను కాని తుఫాను

మొంథాకు అయిదేండ్ల ముందే ఈ పాఠం ఒకసారి అందింది. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ వద్ద తీరం దాటినది తీవ్ర వాయుగుండం మాత్రమే. అది తుఫాను స్థాయిని అందుకోలేదు కనుక దానికి పేరు కూడా పెట్టలేదు. ఆ సాయంకాలానికి అది తెలంగాణపైకి వచ్చేసరికి ఇంకా దిగజారింది. అయినా ఘట్‌కేసర్ సమీపంలోని సింగపూర్ టౌన్‌షిప్ కేంద్రంలో సుమారు 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్లు నమోదయ్యాయి. 1903 నుండి బేగంపేట ఎరిగిన అక్టోబరు నెల ఒకరోజు రికార్డు అప్పటికి 12 సెంటీమీటర్ల లోపే. హైదరాబాదులో కాలనీలు మునిగాయి. ఆ నీరంతా మూసీ వెంట నల్లగొండ, సూర్యాపేటల వైపు దిగింది.

పేరు లేని వ్యవస్థకు స్మృతి కూడా తక్కువ. హుద్‌హుద్‌ను, మొంథాను తలచుకొన్నట్లు ఎవరూ ఆ వాయుగుండాన్ని తలచుకోరు. 'హైదరాబాదు వరదలు' అని మాత్రమే అంటారు. దాని మూలం కాకినాడ తీరంలో ఉన్నదన్న స్పృహ చదువుకొన్నవారిలో కూడా అరుదు.

5. ఔత్సాహికులు చూసేది ఏమిటి?

తుఫాను సముద్రంపై ఉన్నంతవరకు ఔత్సాహికుల చూపు అందరిలాగే కేంద్రంపైన, దారిపైన ఉంటుంది. తీరం దాటాక అనుభవజ్ఞులు కేంద్రాన్ని విడిచిపెడతారు. అప్పటినుండి వారు ముఖ్యంగా నాలుగింటిని చూస్తారు: ఇన్సాట్ ఉపగ్రహపు పరారుణ చిత్రాలలో మేఘశిఖరాల చల్లదనం ఎక్కడ కొత్తగా పెరుగుతున్నదీ, రాడార్‌పై వానపట్టీ కదులుతున్నదా నిలిచినదా, వివిధ దేశాల గణన నమూనాలు తేమ ప్రవాహాన్ని ఎటు చూపుతున్నదీ, నేలమీది కేంద్రాలలో గంటగంటకు ఎంత కురిసినదీ.

వీటిలో చివరిదే తెలంగాణలో అన్నింటికన్న విలువైనది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ మండలాల స్థాయిలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలను నిర్వహిస్తూ ఆ వివరాలను బహిరంగంగా ఉంచుతున్నది. ఇంత దట్టమైన జాలం లేకుంటే ఔత్సాహిక పరిశీలన చాలావరకు మేఘచిత్రాల వ్యాఖ్యానంగానే మిగిలేది.

రాడార్ పరిమితిని తిరుమలగిరి ఉదాహరణతో చెప్పుకోవచ్చు. సూర్యాపేట జిల్లాలోని ఈ పట్టణం హైదరాబాదు రాడార్‌కు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. అర డిగ్రీ కోణంలో వెలువడే కిరణం, భూమి వంపును కూడా కలుపుకొని, అంత దూరం చేరేసరికి ఒకటిన్నర కిలోమీటరుకు పైనే ఉంటుంది. కిరణం కింద ఏర్పడిన తక్కువ ఎత్తు మేఘపు వాన దానికి సరిగా కనబడదు. తెరపై లేత ఆకుపచ్చగా ఉన్న చోట నేలమీద జడివాన కురుస్తూ ఉండవచ్చు. సముద్రపు తేమతో వచ్చే వెచ్చని వానలలో ఈ లోపం మరింత ప్రధానం. తెరను మాత్రమే నమ్మి 'వాన తగ్గింది' అని ప్రకటించి నాలుక కరుచుకొన్న సందర్భాలు ఈ అభిరుచి ఉన్నవారికి కొత్తవి కావు.

ఊరిపేరు కూడా తిప్పలు పెడుతుంది. తెలంగాణలో తిరుమలగిరి ఒకటి కాదు. మూసీకి ఉత్తరాన సూర్యాపేట జిల్లాలో ఒకటి, కృష్ణ చెంత నల్లగొండ జిల్లాలో తిరుమలగిరి సాగర్ మరొకటి, సికింద్రాబాదు కంటోన్మెంటు పక్కన హైదరాబాదు జిల్లాలో ఇంకొకటి. 2016 వరకు మొదటి రెండూ ఒకే జిల్లా పరిధిలోనివి. జిల్లా పేరు వదిలిపెట్టి 'తిరుమలగిరిలో 12 సెంటీమీటర్లు' అని రాస్తే చదువరి ఏ వాగు గురించి భయపడాలి? పట్టికలోని వరుసను పూర్తిగా చదవడం చిన్న విషయమే. కాని అంచనా నమూనాల గురించి అనర్గళంగా మాట్లాడేవారు కూడా తరచు తప్పేది ఇక్కడే.

తేదీ చిక్కు మరొకటి. వర్షమానపు దినం ఉదయం 8.30కు మొదలై మరునాటి ఉదయం 8.30కు ముగుస్తుంది. 29వ తేదీ మధ్యాహ్నం కురిసిన వాన అధికారిక నివేదికలో 30వ తేదీ లెక్కగా కనిపిస్తుంది. ఉదయం 6 నుండి 11 వరకు కురిసిన ఒకే జడివాన రెండు దినాల మధ్య చీలిపోయి రెండు చోట్లా సాధారణంగా కనిపించవచ్చు. భావి పరిశోధకులు ఈ అంకెలను గ్రహించేటప్పుడు గంటల వారీ నమోదును చూడకపోతే ప్రమాదం ఉంది.

6. అంకె నుండి చెరువుకట్టకు

ఒక సెంటీమీటరు వాన ఒక చదరపు కిలోమీటరుపై కురిస్తే అది కోటి లీటర్ల నీరు. పది చదరపు కిలోమీటర్ల పరీవాహకంపై 20 సెంటీమీటర్లు పడితే 200 కోట్ల లీటర్లు, అనగా సుమారు 0.07 టి.ఎం.సి. అందులో సగం ఇంకిపోయినా మిగిలిన సగాన్ని ఒక ఊరచెరువు ఒక్క రాత్రిలో తట్టుకోవాలి. నిండుగా ఉన్న చెరువుకు ఆ నీటిని మత్తడి మీదుగా వదలడం తప్ప మార్గం లేదు. మత్తడి చాలనప్పుడు కట్ట తెగుతుంది.

ఎగువ తెలంగాణ చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు వరద. పై చెరువుకు గండిపడితే కిందిదానికి ఒక్కసారిగా రెండు చెరువుల నీరు. 1908 సెప్టెంబరు మూసీ వరదను పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ గొలుసు స్వభావాన్ని అంకెలతో చూపారు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాల వర్షం నమోదైంది. నగరానికి ఎగువనున్న పరీవాహకంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయి. ఆయన సూచనల ఫలితంగానే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి.

ఈ కారణం చేత తిరుమలగిరి వంటి చోట ఉపయోగపడే అంచనా వేరుగా ఉండాలి. 'రేపు భారీ వర్షం' అన్నది చాలదు. ఎగువ మండలాలలో ఇప్పటికే ఎంత కురిసింది, బిక్కేరు, ఆలేరు వాగులలోకి ఆ నీరు ఎన్ని గంటలకు దిగుతుంది అన్నవి కావాలి. గంటగంట అంకెలను పరీవాహక పటంపై ఉంచి చూసే ఔత్సాహికులు కొందరు ఇప్పుడిప్పుడే కనబడుతున్నారు. ఎక్కువమంది ఇంకా జిల్లా సరిహద్దుల పటం మీదనే రంగులు పూస్తున్నారు. వాగు జిల్లా సరిహద్దును గుర్తించదు.

7. అభిరుచి, అధికారం

వాతావరణ శాస్త్రంలో ఔత్సాహికుల పాత్ర నేటిది కాదు. 'సైక్లోన్' అన్న మాటను పందొమ్మిదో శతాబ్ది మధ్యలో కల్పించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో నౌకా విచారణల న్యాయస్థానంలో పనిచేసిన ఉద్యోగి. కాకినాడ దగ్గరి కోరంగిని ముంచిన 1839 నాటి తుఫానును కూడా ఆయన పరిశీలించారు. భారత వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. హైదరాబాదులోని నిజామియా వేధశాలకు పునాది వేసినది కూడా జఫర్ జంగ్ అనే ఖగోళాభిమాని స్వంత అభిరుచియే. 1908లో దానిని ప్రభుత్వం చేపట్టింది.

సమకాలంలో 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్'గా ప్రసిద్ధుడైన సాయి ప్రణీత్ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రైతులకు స్థానిక భాషలో వాతావరణ సమాచారం అందిస్తున్నందుకు 2021 జూలై 'మన్ కీ బాత్' ప్రసంగంలో ప్రధానమంత్రి ఆయనను ప్రస్తావించారు. తెలంగాణలో 'తెలంగాణ వెదర్‌మ్యాన్' పేరుతో టి. బాలాజీ విస్తృతంగా పరిచితులు. వీరి ప్రాచుర్యానికి కారణం శాఖ కంటే మెరుగైన యంత్రాలు కావు. వీరు చూసే ఉపగ్రహ చిత్రాలలో, రాడార్ దృశ్యాలలో అధికభాగం ప్రభుత్వ సంస్థలవే. ఊరి పేరు పెట్టి, గంట చెప్పి, అర్థమయ్యే తెలుగులో రాయడమే వారి బలం.

అదే బలహీనత కూడా. ఊరి పేరు, గంట చెప్పగానే అంచనాకు లేని నిశ్చయత వచ్చి చేరుతుంది. గణన నమూనా పటంలో ఒక గడి అనేక కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులోని ముదురు ఎరుపు చుక్క ఒక మండలంపై పడినంత మాత్రాన వాన అక్కడే పడుతుందని కాదు. ఫలించిన అంచనాలు పదేపదే పంచుకోబడతాయి. తప్పినవి నిశ్శబ్దంగా మరుగున పడతాయి. ఎన్ని హెచ్చరికలలో ఎన్ని నిజమయ్యాయి, ఎన్ని వానలకు హెచ్చరికే లేకపోయింది అన్న లెక్కను ఔత్సాహికులు తామే ప్రకటించే సంప్రదాయం తెలుగులో ఇంకా స్థిరపడలేదు. ఒక అక్టోబరు మాసపు తెలుగు అంచనాలను గంటల వారీ వర్షపాతంతో సరిపోల్చడం పరిశోధక విద్యార్థికి తలకు మించిన పని కాదు.

హెచ్చరిక జారీ చేసే అధికారం, దాని బాధ్యత వాతావరణ శాఖవే. విపత్తు గురించి అబద్ధపు హెచ్చరికను వ్యాప్తి చేసి భయాందోళనలు కలిగించడం 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షను ప్రకారం శిక్షార్హం. నిజాయితీగా వేసిన అంచనా తప్పడం వేరు, తెలిసి అబద్ధం చెప్పడం వేరు. అయినా చెరువు తెగిందన్న ఒక ధ్రువీకరించని మాట అర్ధరాత్రి ఒక ఊరిని రోడ్డుకు ఈడ్చగలదు. అందువల్ల బాధ్యత తెలిసిన ఔత్సాహికులు వాన గురించి చెబుతారు గాని చెరువు గురించి అధికారులు చెప్పేవరకు ఆగుతారు.

8. స్వాతి కార్తెలో వరి, పత్తి

అక్టోబరు చివరి వారం స్వాతి కార్తె. తిరుమలగిరి పరిసరాలలో వరికోతలు మొదలయ్యే వేళ, పత్తి ఏరే వేళ. కోసిన ధాన్యం కళ్లాలలో, కొనుగోలు కేంద్రాలలో, మార్కెట్ యార్డులో కుప్పలుగా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. పత్తికి 8 నుండి 12 శాతం. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఈ రైతును పెద్దగా బాధించదు. రెండు రోజుల ముసురు మాత్రం కుప్ప అడుగున మొలకలు తెప్పిస్తుంది, కాయలోని పత్తిని నల్లబరుస్తుంది, తూకం దగ్గర ధరను కోస్తుంది. అతని లెక్కలో తుఫాను బలహీనపడిన రోజు వేరు, తేమ కొలిచే యంత్రం 17 కిందికి దిగే రోజు వేరు. ఈ రెండింటి మధ్య వారం గడవవచ్చు.

ఆ వారంలో అతనికి కావలసినది తుఫాను కేంద్రపు అక్షాంశ రేఖాంశాలు కాదు. ఎండ ఎప్పుడు పొడుస్తుంది, టార్పాలిన్ తీసి ధాన్యం ఆరబోస్తే తిరిగి కప్పవలసి వచ్చేలోగా ఎన్ని గంటలు దొరుకుతాయి, తేమ నిండిన గాలిలో ఆ గంటలు ఆరడానికి చాలుతాయా. మొంథా తరువాతి దినాలలో ఔత్సాహికులకు ఎదురయ్యే ప్రశ్నలు ఈ తీరువే. వీటికి ఉపగ్రహ చిత్రం నేరుగా జవాబివ్వదు. మేఘం విడివడే దిశను, ఉదయపు గాలి తేమను, పక్క మండలం కేంద్రంలో ఆగిన వర్షమాపకాన్ని కలిపి చూసి, 'పదకొండు నుండి మూడు వరకు ఆరబోసుకోవచ్చు, ఆ తరువాత పట్టా దగ్గరలో ఉంచుకోండి' అని చెప్పవలసి ఉంటుంది.